సేకరణ ఎవరి సొత్తు?

ఒక గ్రంథం ఎప్పుడు రచించారో, ఎప్పుడు అచ్చయిందో సాహిత్య చరిత్రకారులు శ్రద్ధగానే చెబుతారు. అది తమ చేతికి ఎలా వచ్చిందో మాత్రం చెప్పరు. మధ్యలో ఎవరో ఒకరు దాన్ని చెదల నుంచీ, వానల నుంచీ, పోలీసుల నుంచీ, సంక్రాంతి బూజుదులుపుళ్ళ నుంచీ కాపాడి ఉంటారు. వయసు మీద పడ్డాక ఆ మనిషి ఏం నిర్ణయించుకున్నాడు, లేదా ఏదీ నిర్ణయించుకోకుండానే ఎలా వెళ్ళిపోయాడు అన్నదాన్ని బట్టే మన సాహిత్య చరిత్రలో ఏముంటుందో ఏముండదో చాలాసార్లు తేలింది. మన విమర్శ ఈ సంగతిని పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

నాకు 76 ఏళ్ళు నిండాయి. ఇంట్లో నాలుగు బీరువాలు, రెండు ట్రంకుపెట్టెలు ఉన్నాయి. 'భారతి' సంచికలు, 'అభ్యుదయ', 'సృజన', ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు కొన్ని, మహాసభల కరపత్రాలు, అణా బేడా వెలకు అమ్మిన పాటల పుస్తకాలు, రచయితల ఉత్తరాలు. పిల్లలు ముగ్గురూ ఉద్యోగాల మీద దూరాల్లో ఉన్నారు. వాళ్ళు తెలుగు చదవగలరు, కానీ ఇవన్నీ ఎక్కడ పెట్టుకుంటారు? "వీటి సంగతి తేల్చకుండా నా నెత్తిన పెట్టి పోకండి" అని నా భార్య అన్నది నిష్ఠురమేమీ కాదు, న్యాయమైన మాట. అందువల్ల ఇంతకుముందు వాళ్ళు ఏం చేశారో తెలుసుకోవాలనిపించింది. ఈ వ్యాసం ఆ వెతుకులాటే.

మన ప్రాంతంలో ఆధునిక కాలపు పెద్ద సేకరణ అనగానే కల్నల్ కాలిన్ మెకంజీ పేరు చెబుతారు. 1783లో ఇండియాకు వచ్చి, 1815లో భారతదేశపు సర్వేయర్ జనరల్ అయిన ఈ ఉద్యోగి దక్షిణాదిలో తాళపత్రాలు, శాసనాల నకళ్ళు, గ్రామాల కైఫియత్తులు కుప్పలుగా పోగుచేశాడు. పోగుచేశాడు అని మనం అలవాటుగా అనేస్తాం. నిజానికి ఊరూరా తిరిగింది, కరణాల చేత చెప్పించింది, రాయించింది ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య, నిట్టల నాయన, నారాయణరావు వంటి వాళ్ళు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే చనిపోయాడు. ఆ తర్వాత పని నడిపింది లక్ష్మయ్య. మెకంజీకి తన సేకరణ అంతటికీ తానే ఒక వివరమైన పట్టిక తయారుచెయ్యాలని ఉండేది. కొలువు అతనికి తీరిక ఇవ్వలేదు. 1821లో కలకత్తా దగ్గర చనిపోయాడు. పట్టిక తయారుకాలేదు.

తర్వాత జరిగింది గమనించదగ్గది. గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ కాలంలో ప్రభుత్వం ఆ సేకరణను మెకంజీ భార్య దగ్గర లక్ష రూపాయలకు కొన్నది. కాగితాలకు ధర కట్టారు. ఆ కాగితాలు ఏమిటో తెలిసిన మనిషి మాత్రం వాళ్ళ లెక్కలోకి రాలేదు. హెచ్.హెచ్. విల్సన్ 1828లో ఒక పట్టిక అచ్చువేశాడు. సరుకు లండన్, కలకత్తా, మద్రాసుల మధ్య చీలిపోయింది. మిగిలిన పని కొనసాగిస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకున్నాడు. 1830లలో ఆ అర్జీ బెంగాల్ ఏసియాటిక్ సొసైటీ ముందుకు వచ్చినప్పుడు, లక్ష్మయ్యకే కాదు, ఏ దేశీయుడికీ ఇంతటి పని చేసే అర్హత ఉండదన్న ధోరణిలో కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ తోసిపుచ్చాడు. ఆ పని విలియం టేలర్ అనే మతాధికారి చేతికి వెళ్ళింది. ఆయన చేపట్టేనాటికి చాలా ప్రతుల్లో సిరా వెలిసిపోయింది, పురుగు తినేసింది.

ఇక్కడ రెండు నష్టాలున్నాయి. కాగితం పోవడం కంటికి కనిపించే నష్టం. ఏ కైఫియత్తు ఏ ఊళ్ళో ఎవరు చెప్పగా రాసుకున్నారు, ఎవరు చెప్పడానికి నిరాకరించారు, ఏది నమ్మదగింది, ఏది కరణం తన వంశం గొప్పకు కల్పించింది అన్న తెలివిడి లక్ష్మయ్య తలలో ఉంది. అది ఆయనతోనే పోయింది. వలసపాలకుల దృష్టిలో లక్ష్మయ్య సాధనం మాత్రమే, పండితుడు కాడు. మన సాహిత్య చరిత్రలు కూడా ఆ దృష్టినే చాలాకాలం మోశాయి.

సి.పి. బ్రౌన్ సంగతి వేరు. ఆయనా కంపెనీ కొలువులోని వాడే. ఆయన్ని దేవుణ్ణి చేసి పూజించే అలవాటు నాకు లేదు. కడపలో బంగళా కొని, జూలూరి అప్పయ్య వంటి పండితులకు జీతాలిచ్చి ప్రతులు సరిచూపించాడు, అప్పులపాలయ్యాడు. ఆ పండితుల శ్రమ లేకుండా బ్రౌన్ పరిష్కరించిన ఒక్క కావ్యమూ లేదు. అయితే ముసలితనం కోసం ఆగకుండా తన ప్రతుల సేకరణను 1845లో, అంటే 47వ ఏట, మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశాడు. ఇచ్చిన తర్వాత మరో పదేళ్ళు ఇక్కడే ఉండి, 1855లో దేశం వదిలాడు. అంతకుముందు లండన్‌లో ఈస్టిండియా హౌస్‌లో పడి ఉన్న లేడెన్ సేకరణలోని దక్షిణ భారత ప్రతులను మద్రాసుకు తిరిగి పంపించే ఏర్పాటు చేసిందీ ఆయనే. శిథిలమవుతున్న మెకంజీ కైఫియత్తులకు నకళ్ళు తీయించిందీ ఆయనే. మెకంజీ, లేడెన్, బ్రౌన్‌ల సేకరణలు మూడూ కలిసే తర్వాత మద్రాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి పునాది అయ్యాయి.

బ్రౌన్ దాచిన వాటిలో నన్ను ఎక్కువగా ఆకర్షించేది కావ్యాలు కావు, ఉత్తరాలు. పండితులు, గుమాస్తాలు, స్థానికులు ఆయనకు తెలుగులో రాసిన ఉత్తరాలు. జీతం అందలేదనీ, ఇంట్లో జబ్బనీ, ఫలానా ప్రతి దొరికిందనీ. పండిత లోకం చెత్త అనుకునే ఈ కాగితాల్ని 1970లలో బంగోరె (బండి గోపాలరెడ్డి) వెలికితీసి ప్రచురించాకనే 19వ శతాబ్దపు వాడుక తెలుగు ఎలా ఉండేదో, పండితుడి బతుకు ఎలా ఉండేదో కొంత తెలిసింది. ఇదే బంగోరె 1969లో 'మొట్టమొదటి కన్యాశుల్కం' తీసుకొచ్చాడు. 1897లో అచ్చయిన ఆ తొలి కూర్పును 1909 నాటి రెండో కూర్పు మింగేసింది. పెద్ద నాటకం చేతికొచ్చాక చిన్న నాటకాన్ని ఎవరు దాచుకుంటారు? ఎవరో దాచుకున్నారు. ఆ దాచుకోవడం వల్లనే గురజాడ పన్నెండేళ్ళలో ఎంత దూరం నడిచాడో ఇవాళ మన విద్యార్థి కొలవగలుగుతున్నాడు.

అభ్యుదయ సాహిత్యానికి ఈ సమస్య మరింత తీవ్రం. కావ్యప్రబంధాలకు జమీందారీ భాండాగారాలుండేవి. మన పాటల పుస్తకానికి రైతు కొట్టంలో చూరే భాండాగారం. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగింది. అయిదేళ్ళు తిరిగేసరికి నిర్బంధం వచ్చింది. 'ప్రజాశక్తి' మూతపడింది. సుంకర, వాసిరెడ్డిల 'మా భూమి' నాటకం నిషేధానికి గురైంది. ఇంట్లో కరపత్రం దొరికితే అరెస్టు తప్పదనుకునే రోజుల్లో జనం వాటిని పొయ్యిలో వేశారు, కుండల్లో పెట్టి పాతిపెట్టారు, నూతుల్లో పారేశారు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ విధించాక మళ్ళీ అదే. కాబట్టి మా తరం దగ్గర మిగిలినవి ఏరికోరి దాచుకున్నవి అనుకుంటే పొరపాటు. సోదాలో దొరకనివి మిగిలాయి, అంతే. అందుకే వాటిలో వరుస ఉండదు. ఒక పత్రిక మూడో సంచిక నా దగ్గరుంటే, నాలుగోది గుంటూరులో ఎవరింట్లోనో ఉంటుంది.

మన గ్రంథాలయోద్యమానికి ఈ ఎరుక ఉండేది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల మొదటి మహాసభ జరిపిన అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు పుస్తకాన్ని బీరువాలోంచి ఊరిమధ్యకు తేవడమే పని అనుకున్నారు. 1918లో వేటపాలెంలో పుట్టిన సారస్వత నికేతనం ఇందుకు సాక్ష్యం. పాత పత్రికల కోసం ఇవాళ్టికీ పరిశోధకుడు హైదరాబాదులో వెతికి వేసారి ఆ చేనేత ఊరికే వెళతాడు. తర్వాత చట్టాలొచ్చాయి, ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వచ్చింది. జనం ఆ పన్ను కడుతూనే ఉన్నారు. ఆ డబ్బు పుస్తకం దాకా ఎంత చేరుతుందో చాలా శాఖా గ్రంథాలయాల అరలే చెబుతాయి.

ఇచ్చేస్తే చాలు, భద్రం అనే నమ్మకం నాకు లేదు. నా మిత్రుడొకరు, ఆయన ఇప్పుడు లేరు, తన పుస్తకాల్ని ఒక కళాశాలకు ఇచ్చారు. సభ జరిగింది, శాలువా కప్పారు. బీరువా మీద ఆయన పేరు రాయించి తాళం వేశారు. ఆరేళ్ళ తర్వాత నేను వెళ్ళి అడిగితే తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరూ చెప్పలేకపోయారు. ఇంకొక మిత్రుడి పుస్తకాలు ఆయన పోయాక పాత పేపర్లవాడి త్రాసులోకి వెళ్ళాయి. వాటిలో కొన్ని ఆయన సంతకంతో సహా ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద కనిపించాయి. నిజం చెప్పాలంటే ఈ రెంటిలో రెండోదే నయం. పేవ్‌మెంటు వ్యాపారికి ఏ పుస్తకానికి ఎవరు వస్తారో తెలుసు. అక్కడి నుంచి పుస్తకం ఏదో ఒక పాఠకుడి దగ్గరకే వెళుతుంది. కరపత్రాలకు మాత్రం ఆ గతి కూడా లేదు. అవి త్రాసులోంచి నేరుగా మిల్లుకు పోతాయి.

మంచిగా జరిగినవీ ఉన్నాయి. చెట్టినాడులోని కోట్టయ్యూరులో సైన్‌బోర్డులు రాసుకునే రోజా ముత్తయ్య అనే చిత్రకారుడు జీవితమంతా తమిళ పుస్తకాలు, పత్రికలు, పెళ్ళిపత్రికలు, నాటకాల నోటీసులు కూడా పోగేశాడు. 1992లో ఆయన చనిపోయాక చికాగో విశ్వవిద్యాలయం ఆ సేకరణను 1994లో కొన్నది. కొని సముద్రం దాటించకుండా మద్రాసులోనే గ్రంథాలయంగా నిలిపింది. మెకంజీ కథ తెలిసినవాడికి ఈ ఒక్క నిర్ణయం ఎంత పెద్దదో అర్థమవుతుంది. హైదరాబాదులో పుచ్చలపల్లి సుందరయ్య పేరిట ఏర్పడ్డ విజ్ఞానకేంద్రం గ్రంథాలయానికి ఆయన సొంత పుస్తకాలే బీజం. ఉర్దూ పరిశోధన కేంద్రం వారి అపురూపమైన సేకరణకు కూడా అదే చోటిచ్చింది. 2000 ఆగస్టు వరదలో ఆ ఉర్దూ సేకరణ నీటమునిగింది. తడిసిన పుస్తకాల్ని ఆరబెట్టి, పదిలపరచి దక్కించుకోవడానికి ఎందరో పూనుకున్నారు. దక్కించుకోవాలన్న ఆరాటం ఎందుకొచ్చింది? వాటి విలువ తెలిసిన పాఠకులు అప్పటికే ఉండబట్టి.

ఇప్పుడు స్కానింగ్ వచ్చింది కదా అంటారు కుర్రమిత్రులు. వచ్చింది, మేలు చేసింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద వేల తెలుగు పుస్తకాలు కంప్యూటరెక్కాయి. పేర్లు తప్పుల తడకగా ఎక్కించడం వల్ల ఉన్న పుస్తకం కూడా దొరకని సందర్భాలు నేనెరుగుదును. పుటలు జారిపోయినవీ ఉన్నాయి. పట్టిక సరిగా లేని సేకరణ కంప్యూటర్‌లో ఉన్నా మెకంజీ పెట్టెల్లో ఉన్నట్టే.

కనుక నేను ముందుగా పెట్టుకున్న పని పట్టిక. ఒక లెడ్జరు పుస్తకంలో ప్రతి సంచికకూ వరుస నెంబరు, ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, ఏ పుటలు లేవు, మారుపేరుతో రాసినది ఎవరు, ఆ పేరు బయటపెట్టవచ్చునా కూడదా. నేను చెబుతుంటే రాస్తున్నది నా భార్య. రాయడమే కాదు, సగం సంగతులు చెబుతున్నదీ ఆమే. నలభై ఏళ్ళుగా ఆ అరల్లో వేపాకు పెట్టింది, వానాకాలం వెళ్ళాక పుస్తకాల్ని ఎండకు తీసింది ఆమె. ఏ కట్ట ఏ ఇంటి నుంచి ఎప్పుడు వచ్చిందో నాకంటే బాగా చెబుతుంది. సేకరణ నాదని ఇన్నాళ్ళూ లోకం అంటోంది. లెడ్జరు మొదటి పుటలో ఇద్దరి పేర్లూ రాయించాను.

అంతా ఒకేచోట, నా పేరున, ఒకే బీరువాలో ఉండాలన్న ఆశ వదులుకోవడం కష్టంగానే ఉంది. కానీ 'భారతి' సంచికలు లోటు ఉన్నచోటికి వెళితేనే వరుస పూర్తవుతుంది. అందుకని వేర్వేరు గ్రంథాలయాలకు వాళ్ళ దగ్గర లేనివేమిటో రాయమని కార్డులు వేశాను. కరపత్రాలు, పాటల పుస్తకాలు మాత్రం విడదీయను. 1946 నాటి ఒక పాటల పుస్తకం ఒంటరిగా ఉంటే నాలుగు పాటలు, పక్కనే ఆ ఏటి మహాసభ కరపత్రం ఉంటే ఒక ఉద్యమం. వాటిని తీసుకునేవారికి నా షరతు ఒక్కటే: అడిగిన ఏ విద్యార్థికైనా, సిఫార్సు ఉత్తరం లేకుండా, చూపించాలి. పేరుపలక అక్కర్లేదు.

ఉత్తరాల మూట ఇంకా తేలలేదు. ఉత్తరం కాగితం అందుకున్నవాడిది, అందులోని మాటలు రాసినవాడివి. చట్టం ప్రకారం ఆ హక్కు రచయిత మరణించాక కూడా 60 ఏళ్ళు వారసులకు ఉంటుంది. చట్టం మాట అటుంచితే, వీటిలో కొన్ని జైళ్ళ నుంచి వచ్చినవి, కొన్ని అప్పు అడుగుతూ రాసినవి, కొన్ని తోటి రచయితల్ని నిష్కారణంగా తిట్టినవి. బ్రౌన్ పండితులు తమ ఉత్తరాలు నూట యాభై ఏళ్ళ తర్వాత అచ్చవుతాయని ఊహించి ఉండరు, అయినా అవి అచ్చవడం వల్ల మనకు మేలే జరిగింది. నా మిత్రుల పిల్లలు మాత్రం ఇంకా బతికే ఉన్నారు. చిరునామా తెలిసిన తొమ్మిది కుటుంబాలకు రాశాను. ఇప్పటికి ఇద్దరు జవాబిచ్చారు. ఒకరు నిరభ్యంతరంగా ఇచ్చేయమన్నారు. రెండో ఆమె, తండ్రి రాసినవి ముందు తాను చదివితే తప్ప ఏమీ చెప్పలేనన్నది. పదకొండు ఉత్తరాలకు నకళ్ళు తీయించి, మొన్న రిజిస్టరు పోస్టులో పంపాను.