పొత్తిళ్ళ నుంచి పాఠ్యాంశం దాకా: చేతికుట్టు కానుకల చరిత్ర

పుట్టిన బిడ్డకు కొత్తబట్ట పనికిరాదని తెలుగు ఇళ్ళలో పెద్దలు చెబుతూ వచ్చారు. శిశువును తొలినాళ్ళలో పడుకోబెట్టేది అమ్మమ్మో, నాయనమ్మో ఏళ్ళ తరబడి కట్టి, ఉతికి, ఎండలో ఆరవేయగా మెత్తబడిన నూలుచీర ముక్కల మీదనే. వాటినే పొత్తిగుడ్డలన్నారు. 'పొత్తిళ్ళలో బిడ్డ' అన్న పలుకుబడి అక్కడి నుంచే వచ్చింది. కొత్తగుడ్డలోని గంజి, రంగు పసిచర్మానికి గరుకుగా తగులుతాయన్నది ఇందులోని లౌకికమైన కారణం. ఒక తరం స్త్రీ వంటి మీది చీర మరొక తరం బిడ్డకు తొలి శయ్య కావడం వెనుక చెప్పకనే చెప్పే మాట మరొకటి ఉన్నదని వేరే వివరించనక్కరలేదు.

ఆ పొత్తిగుడ్డల తరువాతిదే బొంత. చిరుగులు పట్టిన చీరలను నాలుగైదు పొరలుగా నేల మీద పరచి, ముడతలు లేకుండా సవరించి, అంచులు లోపలికి మడిచి, అంచు నుంచి నడిమికి వరుస వెంట వరుసగా పరుగు కుట్టు వేసుకుంటూ వస్తారు. పై పొరకు ఉన్నవాటిలో మంచి చీరను ఎంచుతారు; చిరిగినచోట వేరొక రంగు ముక్కను అతుకు వేస్తారు. పాత చీర అంచుల నుంచి లాగిన దారమే చాలాచోట్ల కుట్టుకు పనికివచ్చేది. కనుక బొంతకు సూది తప్ప కొనవలసిన వస్తువు లేదు. వేసవి మధ్యాహ్నాలలో, వంటపని ముగిసిన తరువాత, ఇరుగుపొరుగు స్త్రీలు నాలుగు వైపులా కూర్చుని కుట్టే బొంత కూతురి పురిటికో, కోడలి కాపురానికో, చదువుకు ఊరు వదిలి వెళ్ళే కుమారుడి పెట్టెలోకో చేరేది. దాని మీద కుట్టినవారి పేరు ఉండదు. పుచ్చుకున్నవారు మాత్రం ఏ ముక్క ఎవరి చీరలోదో వేలు పెట్టి చూపగలిగేవారు.

ఆంధ్రదేశపు ఎల్లలు దాటి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ వస్తువు రెండు పేర్లతో పరిచయం. ఇంట్లో బొంత అన్నదానినే ఉత్తర కర్ణాటకంలో వీధిలోకి వెళితే కౌది అంటారు. మహారాష్ట్రలో అది గోధడి. ఒడిశాలోను, వంగదేశంలోను కంథా. అతుకుల వస్త్రాన్ని సంస్కృతం కూడా కంథ అనే అన్నది. సన్న్యాసులు ధరించే అతుకులబట్టకు ఆ పేరే ఉన్నది. భాష మారినా చేతివాటం మారని కొద్ది వస్తువులలో ఇది ఒకటి. పాఠ్యపుస్తకాలు రాజుల కట్టడాలను గురించి చెప్పినంతగా బొంతలను గురించి చెప్పకపోవడానికి కారణం సులభంగా తెలుస్తుంది: వాడుకలో అరిగిపోయేందుకే కుట్టిన వస్తువు చరిత్రకారుని చేతికి ఎలా మిగులుతుంది?

కానుకగా ఇచ్చే కుట్టుపని అంతా అవసరం కొద్దీ పుట్టినదే అనుకోరాదు. ధారవాడ ప్రాంతపు కసూతి ఇందుకు ఉదాహరణ. గవంతి, మురగి, నేగి, మెంతి అనే నాలుగు కుట్లతో, గుడ్డ మీద ముందుగా గీత గీయకుండా, పోగులు లెక్కపెట్టుకుంటూ గోపురాలను, తేరులను, ఏనుగులను, తులసికోటలను కుడతారు. గవంతి కుట్టు రెండు వైపులా ఒకే తీరుగా కనబడాలి. ముడి కనబడితే పనితనం తక్కువైనట్లే. పెళ్ళికూతురికి ఇచ్చే చీరలలో కసూతి కుట్టిన నల్లని చంద్రకళా చీర ఉండడం అక్కడి సంప్రదాయం. తెలంగాణం, రాయలసీమ, కర్ణాటకాలలో వ్యాపించి ఉన్న లంబాడీలలో పెళ్ళి వేడుకకు కావలసిన రవికలు, సంచులు, తలగుడ్డలు ఏళ్ళ ముందు నుంచే తల్లీకూతుళ్ళు కలిసి కుట్టిపెట్టుకునేవారు. అద్దాలు, గవ్వలు, నాణేలు పొదిగిన ఆ పనిలో ఒక్కొక్క తండాకు ఒక్కొక్క తీరు. బళ్ళారి జిల్లా సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

ఇంత విద్య ఉన్న ఇంట్లో నుంచి బాలిక బడికి వచ్చినప్పుడు బడి ఆమెకు మళ్ళీ కుట్టుపనే నేర్పబోవడం చిత్రంగా తోస్తుంది. దీని మూలం ఇంగ్లండులో ఉన్నది. ప్రభుత్వ గ్రాంటు పొందే పాఠశాలలలో బాలికలకు సాదా కుట్టుపని తప్పనిసరి అని అక్కడి 1862 నాటి నిబంధనావళి శాసించింది. మిషనరీల బాలికా పాఠశాలలతో పాటు ఆ పద్ధతి ఇక్కడికీ వచ్చింది. నమూనా గుడ్డ మీద వరుసగా పరుగు కుట్టు, కాడ కుట్టు, గొలుసు కుట్టు, కాజాలు కుట్టి చూపడం పరీక్ష అయింది. వీరేశలింగం పంతులు 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాల స్థాపించిన కాలానికి ఆడపిల్ల చదువే వివాదాస్పదం. 'అక్షరంతో పాటు సూది కూడా నేర్పుతారట' అన్న మాట భయపడే తల్లిదండ్రులకు కొంత ఊరట కలిగించి ఉండవచ్చు. అదే మాట ఆ తరువాత చాలాకాలం ఆడపిల్లల చదువుకు హద్దుగా కూడా నిలిచింది.

మిషను బడుల కుట్టుపని తెలుగునాట విడిచిన గొప్ప గుర్తు నరసాపురం లేసు. పందొమ్మిదవ శతాబ్ది నడిమికాలంలో, 1844 ప్రాంతంలో, గోదావరి మండలానికి వచ్చిన మెక్రే అనే స్కాట్లండు మిషనరీ దంపతులు అక్కడి స్త్రీలకు కొక్కెపుసూదితో నూలుదారాన్ని అల్లడం నేర్పారని చెబుతారు. మొదట ఆ అల్లికలు స్వదేశంలోని మిత్రులకు కానుకలుగా వెళ్ళాయి. కానుక అందుకున్నవారు మరికొన్ని కావాలన్నారు, డబ్బు పంపారు. కరవుకాలంలో ఆ డబ్బు పేద కుటుంబాలకు అన్నం పెట్టింది. 1900 ప్రాంతం నుంచి స్థానిక వర్తకులు ప్రవేశించగా నరసాపురం, పాలకొల్లు పరిసరాలలో అది విదేశీ ఎగుమతి వ్యాపారంగా పెరిగింది. మొదట క్రైస్తవ స్త్రీలు చేసిన పనిని క్రమంగా గడప దాటని కులాల స్త్రీలూ అందుకున్నారు. ఇంట్లో కూర్చుని చేయగల పని కావడమే అందుకు కారణం.

ఈ కథలో ఇక్కడొక మలుపు ఉన్నది. మిత్రునికి పంపే అల్లికకు వెల కట్టకపోవడం సహజం. వ్యాపారంగా మారిన తరువాత కూడా ఆ వెలకట్టని అలవాటే కొనసాగింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు పనివారిని గురించి 1982లో ప్రచురించిన గ్రంథం దీనినే బయటపెట్టింది. ఇంటిపనికి తోడు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్న స్త్రీలను వర్తకులు పనివారుగా లెక్కించలేదు. 'ఇల్లాళ్ళు తీరికవేళ ఏదో అల్లుకుంటారు' అన్నారు. ఆ ఒక్క మాటతో కనీస వేతనం ప్రశ్నే లేకుండా పోయింది. చిత్రమేమంటే అల్లేవారిలో చాలామంది కూడా తమను గురించి ఆ మాటనే చెప్పారు. ప్రేమతో చేసే పనికి వెల అడగరాదన్న నియమాన్ని లాభం కోసం చేయించేవారు వాడుకున్న తీరు ఇది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది. అల్లేచేతికి ఎంత ముడుతుందన్నది వేరే లెక్క.

కుట్టుయంత్రం కథలోనూ ప్రేమ, లాభం ఇలాగే కలగలిసి ఉన్నాయి. ఫ్రెంచి దర్జీ తిమోనియే 1830లో యంత్రానికి పేటెంటు పొందితే, బ్రతుకుతెరువు పోతుందన్న భయంతో తోటి దర్జీలే మరుసటి ఏడు పారిసులో అతని యంత్రాలను ధ్వంసం చేశారు. అమెరికాలో 1846లో ఎలియాస్ హోవే, 1851లో ఐజాక్ సింగర్ పేటెంట్లు పొందారు. యంత్రాలను విమర్శించిన గాంధీ మహాత్ముడు సింగర్ కుట్టుమిషనును మాత్రం మినహాయించాడు. 1924లో జరిగిన ఒక సంభాషణలో, భార్య చేతితో కుట్టలేక పడే శ్రమను చూసి ఆమె మీది ప్రేమతోనే సింగర్ దానిని కనిపెట్టాడని ఆయన చెప్పాడు. వాస్తవానికి సింగర్ మరొకరి యంత్రంలోని లోపాలను సరిదిద్దినది ధనార్జన కోసమే. అతని గృహజీవితం కూడా ఆదర్శప్రాయమైనది కాదు. మహాత్ముడు చెప్పినది చరిత్ర కాకపోయినా, ఒక యంత్రం ఎందుకు పుట్టాలని ఆయన కోరుకున్నాడో అది తెలుపుతుంది. వాయిదాల మీద అమ్మే పద్ధతిని కూడా సింగర్ సంస్థ 1850లలోనే ప్రవేశపెట్టింది. 1935లో కలకత్తాలో కుట్టుమిషన్ల తయారీ మొదలై 'ఉష' పేరు ఇంటింటా వినబడేసరికి, సారెలో కూతురికి మిషను పెట్టి పంపడం మధ్యతరగతి కుటుంబాలలో గౌరవం అయింది. బొంత ఇచ్చిన తల్లి కుమార్తె, బొంత కుట్టుకునే సాధనాన్ని కానుకగా అందుకున్నది.

గాంధీజీ స్వయంగా చేతిపని కానుకలు ఇచ్చినవాడు. దక్షిణాఫ్రికాలో 1910లో ఏర్పడిన టాల్‌స్టాయ్ ఫారంలో మిత్రుడు కాలెన్‌బాక్ ద్వారా చెప్పులు కుట్టడం నేర్చుకున్నాడు. తనను జైలుకు పంపిన జనరల్ స్మట్స్‌కు, జైలులో తానే కుట్టిన జత చెప్పులను 1914లో కానుకగా ఇచ్చి భారతదేశానికి బయలుదేరాడు. స్మట్స్ వాటిని అనేక వేసవులు తొడిగి, 1939లో గాంధీజీ 70వ జన్మదిన సందర్భంలో తిరిగి పంపాడు. ఆ పాదుకలలో నిలబడే అర్హత తనకు లేదేమోనన్న భావం ఆయన రాతలో కనిపిస్తుంది. ప్రత్యర్థికి బంగారం ఇస్తే లంచమవుతుంది. చెప్పుల జత విషయంలో ఆ అనుమానానికి తావే లేదు.

1942 మార్చి 26న ఇందిర వివాహంలో ధరించిన చీర తండ్రి జవహర్‌లాల్ నెహ్రూ జైలులో వడికిన నూలుతో నేసినదన్నది ప్రసిద్ధమే. 1947 నవంబరులో ఇంగ్లండు రాకుమారి ఎలిజబెత్ వివాహానికి ఏమి పంపాలన్న ప్రశ్న వచ్చినప్పుడు గాంధీజీ తాను వడికిన నూలును జంట పోగులు చేసి, ఒక పంజాబీ బాలికచేత అల్లించిన లేసుగుడ్డను మౌంట్‌బాటెన్ల చేత పంపించాడు. మధ్యలో 'జై హింద్' అన్న అక్షరాలు ఉన్నాయి. రాకుమారి నాయనమ్మ రాణీ మేరీ దానిని గాంధీజీ కొల్లాయిగుడ్డ అని భ్రమపడి కినుక వహించిందట. వజ్రాభరణాల నడుమ ఉంచిన ఆ గుడ్డను ఎలిజబెత్ రాణి 70 ఏళ్ళు దాచి, 2018లో భారత ప్రధాని లండను వెళ్ళినప్పుడు తీసి చూపింది. ఆ పంజాబీ బాలిక పేరు మాత్రం ఈ కథ చెప్పేవారెవరూ చెప్పరు.

వడకడం, నేయడం, కుట్టడం విద్యకు అడ్డు కాదని, విద్యకు మార్గమేనని 1937 అక్టోబరులో జరిగిన వార్ధా విద్యా సమావేశం ప్రకటించింది. జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఆ ప్రాతిపదిక మీదనే పాఠ్యప్రణాళిక రచించింది. అదే సంవత్సరం మదరాసులో దుర్గాబాయమ్మ స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, పుస్తకాన్ని, చేతిపనిని రెంటినీ ఒకే కప్పు కిందికి తెచ్చింది. పరాయి రాష్ట్రపు నగరంగా మారిన మదరాసులో అది తెలుగు స్త్రీల సంస్థగా నిలవడం ప్రవాసాంధ్రులకు గర్వకారణం. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైన ఆమె కాలంలోనే, 1958లో, చదువు మధ్యలో ఆగిన వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమాలు ఆరంభమయ్యాయి. సూది చేతబట్టిన స్త్రీ తిరిగి పలక పట్టడానికి అది దారి.

అయినా పాఠశాలలలో కుట్టు పీరియడు ఆడపిల్లలదిగానే మిగిలింది. ఆ గంటలో మగపిల్లలు తోటపనికో, ఆటస్థలానికో వెళ్ళేవారు. 1960ల ఆరంభంలో హంసా మెహతా సంఘం బాలబాలికల పాఠ్యప్రణాళికలో భేదం ఉండరాదని చెప్పింది. 1964–66 నాటి కొఠారి కమిషను దానిని సమర్థించి, పని అనుభవాన్ని అందరికీ విధించింది. 1977లో ఈశ్వరభాయి పటేల్ సంఘం 'సామాజికోపయోగి ఉత్పాదక కార్యం' అన్న బరువైన పేరు పెట్టింది. సిఫారసులు ఎన్ని వచ్చినా కాజా కుట్టడం నేర్చిన బాలుడు అరుదు. చొక్కా బొత్తాము ఊడితే అక్కకో, తల్లికో ఇచ్చే మగపిల్లవాడు జెనరల్ స్మట్స్ చెప్పుల కథను చరిత్ర పాఠంగా చదువుకున్నాడే గాని చేతిపని పాఠంగా చదువుకోలేదు.

ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థినులలో కొందరి పెట్టెలలో కుట్టు పీరియడులో వేసిన చేతిరుమాలో, దిండుగలీబో ఇంకా ఉండవచ్చు. మూలన వంకరగా కుట్టిన తమ్ముని పేరులో మొదటి అక్షరం, తండ్రి జన్మదినానికి ఇచ్చిన రుమాలు, ఉపాధ్యాయిని బదిలీ అయి వెళ్ళేటప్పుడు తరగతి అంతా కలిసి కుట్టిన మేజాగుడ్డ, ఇవి మార్కుల పట్టికలో చేరని పనులు. మార్కుల ప్రాధాన్యం పెరిగిన కొద్దీ ఆ పీరియడు మొదట గణితానికి, తరువాత ఆంగ్లానికి అప్పు వెళ్ళింది. ఆ అప్పు తీరలేదు. అంతకు ముందే మరొక మార్పు వచ్చింది. నైలాను, టెరిలిన్, పాలియెస్టరు చీరలు ఇళ్ళలో నూలుచీరల స్థానాన్ని ఆక్రమించాయి. అవి చిరగవు, మెత్తబడవు, తడి పీల్చవు. పొత్తిళ్ళకు గాని బొంతకు గాని అక్కరకు రావు. బొంత తగ్గిపోవడానికి స్త్రీల తీరిక తగ్గడం ఎంత కారణమో, పాత నూలుచీర కరువు కావడం కూడా అంతే కారణం.

2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదవ తరగతి వరకు చదివే పిల్లలందరికీ, బాలబాలికల భేదం లేకుండా, పది రోజులు పుస్తకాల సంచి లేని బడి ఉండాలని, ఆ రోజులలో వారు ఊరిలోని పనివారి వద్ద చేతిపని నేర్వాలని సూచించింది. వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, చిత్రకారుడు అంటూ ఆ వాక్యం సాగుతుంది. దర్జీ పేరు అందులో లేదు. బొంత కుట్టే అవ్వ పేరు అసలే లేదు. వాక్యం చివర 'మొదలైనవారు' అన్న మాట మాత్రం ఉన్నది.