ఇంటి తెలుగు చదువుకు అడ్డమా? ఒక అనుమానపు చరిత్ర



దేవనహళ్ళి పరిసరాలలో ఇంట తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. సంతలో బేరం ఒక భాషలో మొదలై మరొక భాషలో ముగియడం ఇక్కడ వింత కాదు. అటువంటి కుటుంబానికి చెందిన ఒక తల్లి ఇటీవల నన్నడిగారు: "బడిలో కన్నడం, ఇంగ్లీషు ఉన్నాయి కదా, ఇంట్లో తెలుగు కూడా అయితే బిడ్డ తికమకపడతాడు, మానేయండి అన్నారు సార్. మానేయాలా?" ఆ సలహా ఇచ్చినవారు చదువుకున్నవారే. ఈ అనుమానానికి నూరేళ్ళ చరిత్ర ఉన్నది. దానిని బలపరచినవారూ, సడలించినవారూ కూడా విద్యావేత్తలు, వైద్యులే. ఆ కథ మీరు తెలుసుకోదగినది.

1923లో డి. జె. సేర్ అనే పరిశోధకుడు వేల్స్‌లో బడిపిల్లలకు బుద్ధిపరీక్షలు జరిపి, పల్లెలలో వెల్ష్, ఇంగ్లీషు రెండూ మాట్లాడేవారు ఒక్క ఇంగ్లీషే మాట్లాడేవారికంటె వెనుకబడ్డారని ప్రకటించారు. పట్టణాలలో ఆ తేడా లేదని కూడా ఆయనే వ్రాశారు. కాని లోకం మొదటి మాటనే పట్టుకొన్నది. పిల్లల కుటుంబ స్థితిగతులను సరిగా లెక్కలోకి తీసుకోకపోవడం అప్పటి పరిశోధనలలో పెద్ద లోపం.

1962లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ ఆ లోపాన్ని సరిదిద్ది, పదేళ్ళ పిల్లలను పరీక్షించగా ఫలితం తారుమారైనది. రెండు భాషలవారే ముందున్నారు. అయితే వారు ఎంచుకొన్నది రెండు భాషలూ సమానంగా వచ్చిన పిల్లలను. అది కొంత మొగ్గు చూపడమే గదా అన్న విమర్శ న్యాయమైనదే.

మన దేశంలో ఆచార్య అజిత్ మొహంతి ఒడిశాలోని కొంధు గిరిజన పిల్లలను పరిశీలించారు. జాతి ఒకటే, జీవనమూ ఒకటే. కొన్ని ఊళ్ళలో కుయి భాష నశించి ఒడియా మిగిలింది, కొన్ని ఊళ్ళలో రెండూ నిలిచాయి. భాషను గురించి ఆలోచించే శక్తిలో రెండు భాషల పిల్లలే మెరుగని ఆయన చూపారు. మైసూరులోని భారతీయ భాషల కేంద్రీయ సంస్థ 1994లో ప్రచురించిన ఆయన గ్రంథం మన ఉపాధ్యాయ శిక్షణాలయాలలో చదివించదగినది.

ఇక వైద్యుల వంతు. 2007లో టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 184 మంది రోగుల వివరాలు చూసి, రెండు భాషలవారికి డిమెన్షియా అనే మతిమరుపు వ్యాధి సుమారు నాలుగేళ్ళు ఆలస్యంగా మొదలైనదని తెలిపింది. కాని వారిలో చాలామంది వలస వచ్చినవారు. ఆ ఆలస్యం భాష వల్లనా, వలస వల్లనా?

ఈ చిక్కు విప్పడానికి హైదరాబాదు తగిన చోటైనది. అక్కడ పుట్టి పెరిగినవారికే తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు సహజంగా అబ్బుతాయి. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో నాడీవైద్యురాలైన డాక్టర్ సువర్ణ అల్లాడి, ఉస్మానియా భాషాశాస్త్ర ఆచార్యురాలు దుగ్గిరాల వసంత, ఎడింబరో నుండి థామస్ బాక్ తదితరులు కలిసి 648 మంది రోగుల వివరాలు పరిశీలించారు. వారిలో 391 మంది ఒకటికంటె ఎక్కువ భాషలు మాట్లాడేవారు. 2013లో వెలువడిన ఫలితం: వీరికి వ్యాధి సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యం. అక్షరం రానివారిలోనూ ఈ తేడా కనిపించడం నన్ను ఆపి ఆలోచింపజేసింది. బడి ముఖం చూడని అవ్వ సంతలో రెండు భాషలతో నెగ్గుకొని రావడం కూడా మెదడుకు వ్యాయామమే కావచ్చు. మూడవ భాష వల్ల అదనపు లాభం మాత్రం కనిపించలేదు. తరువాత 608 మంది పక్షవాత రోగులను పరిశీలించినప్పుడు, రెండు భాషలవారిలో 40.5 శాతానికి, ఒకే భాషవారిలో 19.6 శాతానికి ఆలోచనాశక్తి చెక్కుచెదరకుండా నిలిచినదని తేలింది.

డాక్టర్ అల్లాడి ఆ తరువాత మన బెంగళూరు నిమ్హాన్స్‌కు వచ్చారు. 2016 నుండి 2020 వరకు కేంబ్రిడ్జి ఆచార్యురాలు ఇయాంతి సింప్లి నాయకత్వాన ఢిల్లీ, హైదరాబాదు, పాట్నా ప్రాథమిక పాఠశాలలలో జరిగిన పరిశోధనలో నిమ్హాన్స్ కూడా భాగస్వామి. రోగి మంచం దగ్గర మొదలైన ప్రశ్న ఆ విధంగా తరగతి గదికి చేరింది. ఆంగ్ల మాధ్యమమని పేరు పెట్టుకొన్న తరగతులలోనూ ఉపాధ్యాయులు స్థానిక భాషను కలిపి బోధించడం వారి కంటబడినది. మనలో ఎవరికి ఇది కొత్త?

రెండవ వైపు కూడా చెప్పకపోతే అది అబద్ధమే అవుతుంది. వైద్యశాలకు వచ్చినవారిని మాత్రమే లెక్కించడం వేరు, ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను ఏళ్ళ తరబడి గమనించడం వేరు. న్యూయార్క్‌లో అట్లా గమనించి 2014లో ప్రకటించిన అధ్యయనంలో ఈ రక్షణ కనిపించలేదు. 2019లో అమెరికాలో నాలుగున్నర వేలమంది పిల్లల పరీక్షా ఫలితాలను చూసినవారికి రెండు భాషలవారి బుద్ధినియంత్రణలో ప్రత్యేకమైన ఆధిక్యం కనబడలేదు. ఇంగ్లీషు పదసంపదలో కొద్ది లోటు మాత్రం కనబడింది. కనుక "తెలుగు మాట్లాడితే తెలివి పెరుగుతుంది" అని కరపత్రాలు వేసే మిత్రులు కొంచెం తమాయించుకోవాలని మనవి.

ఆ తల్లికి నేను చెప్పినదీ ఇంతే. తెలుగు వల్ల మీ బిడ్డ మేధావి అవుతాడని హామీ ఇవ్వలేను, కాని తెలుగు మానేస్తే చదువు బాగుపడుతుందనడానికి ఆధారం లేదు. తరువాత ఇద్దరమూ అతడి కన్నడ నోటుపుస్తకం తెరిచాము. తప్పులన్నీ ఒత్తక్షరాల దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు రోజూ సాయంత్రం పది మాటలు వ్రాయిస్తున్నారు. ఆ మాటలకు అర్థాలు చెప్పేది తెలుగులోనే.