మూలపడిన పాత కారును మళ్లీ దారికెక్కించడం

అంబాసిడర్ కారు 1950ల చివరి నుంచి 2014 మే వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో తయారయింది. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి దానికి మాతృక. ముంబయిలో తయారైన ప్రీమియర్ పద్మినికి ఇటలీ వారి ఫియట్ 1100 మాతృక. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 ఉత్పత్తి కూడా 2014లోనే నిలిచిపోయింది. ఈ మూడింటిలో ఏదో ఒకటి సరిహద్దు గ్రామాలలోని కొన్ని ఇళ్ల వసారాలలోనో, గడ్డివాము పక్కనో ఏళ్ల తరబడి నిలిచి ఉండడం చూస్తూనే ఉంటాము. పెద్దలు కొన్నదని అమ్మబుద్ధి కాదు. నడవదని తీయబుద్ధి కాదు.

అటువంటి బండిని బయటికి తీయదలచినవారు సాధారణంగా మొదట చేసే పని కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పడం. నిజానికి అది చివరి పనులలో ఒకటి. ముందు పత్రాలు, పిదప బ్రేకులు, ఆ తరువాత ఇంధనం, ఆపైన ఇంజను. ఈ వరుస తప్పితే డబ్బు వృథా అవుతుంది. ఒక్కొక్కసారి ప్రాణానికే ముప్పు కలుగుతుంది.

పత్రాల పరిశీలన

1988 నాటి మోటారు వాహనాల చట్టం 41వ సెక్షను ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత బండిని తనిఖీ చేయించి, ఒక్కొక్క పర్యాయం 5 సంవత్సరాల చొప్పున పొడిగించుకోవచ్చు. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండి ఇక నడపరాదన్న మాట పల్లెల్లో బాగా వ్యాపించింది. అది ఢిల్లీ, దాని పరిసర ప్రాంతాలకు సంబంధించిన న్యాయస్థానపు ఆజ్ఞల నుంచి పుట్టిన మాట. మన జిల్లాలలో తనిఖీలో నెగ్గిన సొంత కారుకు పొడిగింపు లభిస్తుంది.

అయితే రుసుము పెరిగింది. 2022 ఏప్రిల్ 1 నుంచి కారు పొడిగింపు రుసుము 600 రూపాయల నుంచి 5,000 రూపాయలయింది. 2025 ఆగస్టులో, 20 సంవత్సరాలు దాటిన కార్లకు దానిని 10,000 రూపాయలు చేశారు. గడువు దాటిన తరువాత ఆలస్యమైన ప్రతి నెలకు 500 రూపాయల అదనపు రుసుము కూడ ఉన్నది. కొన్ని రాష్ట్రాలలో హరిత పన్ను వేరు. కనుక మెకానిక్కును పిలవడానికి ముందే ఆర్.టి.ఓ. కార్యాలయంలో మొత్తం ఎంత అవుతుందో లెక్క కట్టించుకోవాలి.

ఆర్.సి. పుస్తకంలోని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండిపై ఉన్న అంకెలతో సరిపోవాలి. తుప్పు పట్టిన చోట గట్టిగా గీకరాదు. కిరోసిన్ గుడ్డతో తుడిచి, కాగితం పెట్టి పెన్సిలుతో అచ్చు తీయాలి. పాత పుస్తకాల వివరాలు కొన్ని నేటి కంప్యూటరు రికార్డులలోకి చేరలేదు. అటువంటప్పుడు అసలు పుస్తకం చూపి, రిజిస్ట్రేషను జరిగిన కార్యాలయంలోనే వాటిని ఎక్కించమని కోరాలి. అప్పు ఎన్నడో తీరినా ఫైనాన్సు సంస్థ పేరు పుస్తకంలో మిగిలి ఉంటే, ఆ సంస్థ సంతకంతో 35వ నంబరు ఫారం ఇచ్చి దానిని తీసివేయించాలి.

తండ్రి పేరున ఉన్న బండి

యజమాని మరణిస్తే వారసులు 30 రోజుల్లో ఆ సంగతి కార్యాలయానికి తెలిపి, మూడు నెలల్లో 31వ నంబరు ఫారంతో పేరు మార్పు కోరవలసి ఉంటుంది. ఎన్నో ఏళ్లు గడచినా పద్ధతి ఇదే. జరిమానా మాత్రం చేరుతుంది.

సరిహద్దు కుటుంబాలకు ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. ఆంధ్రలో రిజిస్టరైన పుస్తకంలో తండ్రి పేరు ఇంటిపేరుతో ఉంటుంది. తమిళనాడులో చదివిన కుమారుని ఆధార్‌లో ఇంటిపేరు ఉండకపోవచ్చు, తండ్రి పేరులోని మొదటి అక్షరం మాత్రమే ఉంటుంది. ఇద్దరూ ఒకే కుటుంబమని కాగితం చెప్పదు. అందుకు తహశీల్దారు కార్యాలయం నుంచి వారసత్వ పత్రం కావాలి. ఆంధ్రలో దానిని కుటుంబ సభ్యుల ధ్రువపత్రమని, కర్ణాటకలో వంశవృక్షమని, తమిళనాడులో వారిసు పత్రమని వ్యవహరిస్తారు. మిగిలిన వారసుల సమ్మతి పత్రాలు కూడ సిద్ధం చేసుకోవాలి. అన్నదమ్ముల మధ్య మాట కుదరక ముందే బండిపై ఖర్చు పెట్టడం వివేకం కాదు.

పొరుగు రాష్ట్రపు నంబరు

ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని 47వ సెక్షను చెబుతుంది. కర్నూలు ఏపీ 21 బండి బళ్లారిలో ఉంటే కేఏ 34, చిత్తూరు ఏపీ 03 బండి హోసూరులో ఉంటే టీఎన్ 70, శ్రీకాకుళం ఏపీ 30 బండి బరంపురంలో ఉంటే ఓడీ 07 తీసుకోవలసి ఉంటుంది. యానాం చుట్టూ ఆంధ్ర భూమే ఉన్నా, అది పుదుచ్చేరిలో భాగం గనుక దాని నంబరు పీవై 04.

ఇందుకు పాత కార్యాలయం నుంచి 28వ నంబరు ఫారం ద్వారా నిరభ్యంతర పత్రం పొందాలి. కొత్త చోట 27వ నంబరు ఫారం సమర్పించి, అక్కడి పన్ను కట్టాలి. పాత రాష్ట్రంలో జీవితకాల పన్ను కట్టి ఉన్నా కొత్త రాష్ట్రపు పన్ను తప్పదు. పొడిగింపు ముందా, నిరభ్యంతర పత్రం ముందా అన్నది రెండు కార్యాలయాలలోనూ విచారించిన తరువాతనే అడుగు వేయాలి.

బ్రేకులు, టైర్లు

బండి దగ్గరికి మొదట కర్రతో వెళ్లాలి. బానెట్టు కింద, సీట్ల అడుగున పాములు, కందిరీగలు చేరి ఉండవచ్చు. ఎయిర్ ఫిల్టరులోను, సైలెన్సరు గొట్టంలోను ఎలుకలు గూడు కట్టి ఉండవచ్చు. ఎలుకలు కొరికిన తీగలకు కరెంటు తగిలితే మంట పుడుతుంది. అందుచేత తీగలన్నీ చూడక ముందు బ్యాటరీ కలపరాదు.

బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ తేమ మాస్టర్ సిలిండరును, చక్రాల వద్దనున్న చిన్న సిలిండర్లను తుప్పు పట్టిస్తుంది. లోపలి రబ్బరు కప్పులు గట్టిపడతాయి. అటువంటి బ్రేకు ఇంటి ముందు పనిచేసినట్లే కనిపించి, వాలులో గట్టిగా నొక్కినప్పుడు ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. కనుక రబ్బరు కప్పులు, రబ్బరు గొట్టాలు అన్నీ మార్చి, పాత నూనె పూర్తిగా తీసి కొత్తది పోయాలి. ఇంజను నూనెను బ్రేకులలో పోయరాదు. అది రబ్బరును ఉబ్బించి పాడు చేస్తుంది.

2000 తరువాత తయారైన టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2309 అంటే 2009వ సంవత్సరం 23వ వారం. పదేళ్లు దాటిన టైరు గాట్లు కొత్తగా కనిపించినా దానిపై ప్రయాణం చేయరాదు. చక్రాల బేరింగులకు కొత్త గ్రీజు పెట్టాలి. అంబాసిడర్‌లో ముందు చక్రాల కింగ్‌పిన్నులకు గ్రీజు నిపుళ్లు ఉంటాయి. అక్కడ గ్రీజు ఎండిపోతే స్టీరింగు బరువెక్కుతుంది.

పెట్రోలు ట్యాంకు

నిల్వ ఉన్న పెట్రోలు కొన్ని నెలల్లోనే గుణం కోల్పోతుంది. ఏళ్లు గడిస్తే జిగురుగా మారి కార్బురేటరులోని సన్న రంధ్రాలను మూసివేస్తుంది. దానిని పూర్తిగా తీయాలి. బావి దగ్గర గాని పొలంలో గాని పారబోయరాదు. ట్యాంకు దించి, లోపలి తుప్పు కడిగించి, కొత్త ఫిల్టరు పెట్టాలి.

మరొక సంగతి కొత్తది. 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో విడుదలై, 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. మూలపడిన కారులోని రబ్బరు ఈ ఇంధనానికి తయారైనది కాదు. ఇథనాలు పాత రబ్బరును మెత్తబరుస్తుంది, నీటిని ఆకర్షిస్తుంది, ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని కదిలిస్తుంది. కాబట్టి పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రం, కార్బురేటరు వాషర్లు ఇథనాలును తట్టుకొనేవి వేయించాలి. బండి వాడని నెలల్లో ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచరాదు.

ఇంజను

ప్లగ్గులు విప్పి, ప్రతి సిలిండరులో కొద్దిగా ఇంజను నూనె పోసి ఒకటి రెండు రోజులు ఉంచాలి. తరువాత గేరు న్యూట్రల్‌లో పెట్టి చేతితోనే తిప్పి చూడాలి. అంబాసిడర్‌కు ముందు నుంచి హ్యాండిల్ వేసి తిప్పే వీలున్నది. కదలకపోతే బలవంతం చేయరాదు, మళ్లీ నూనె పోసి ఆగాలి. కదిలిన తరువాత పాత నూనె, ఫిల్టరు మార్చాలి. ప్లగ్గులు లేకుండానే కొన్ని క్షణాలు సెల్ఫ్‌తో తిప్పితే నూనె అన్ని భాగాలకూ చేరుతుంది. అటుపిమ్మట ప్లగ్గులు బిగించాలి. మారుతి 800లో టైమింగ్ బెల్టు తప్పక మార్చాలి. పాత రబ్బరు బెల్టు ఎప్పుడు తెగుతుందో చెప్పలేము.

రేడియేటరును కడిగించి, బోరు నీటికి బదులు కూలెంటు కలిపిన శుద్ధజలం పోయాలి. గట్టి నీరు లోపల సున్నపు పొర కట్టిస్తుంది. తొలిసారి ఇంజనును ఆరుబయటనే నడపాలి. మూసిన కొట్టంలో పొగ ప్రాణాంతకం. పక్కన ఇసుక బకెట్టు ఉంచుకోవాలి.

విడిభాగాలకు విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుప్పేట, బెంగళూరు జె.సి. రోడ్డు పేరెన్నికగన్నవి. పాత భాగాన్ని వెంట తీసుకొని వెళ్లడం మేలు.

తనిఖీ, తొలి ప్రయాణం

బీమా, రిజిస్ట్రేషను చెల్లని బండిని తనిఖీకైనా సొంతంగా నడుపుకొని పోరాదు; లారీపై ఎక్కించి తీసుకొని వెళ్లాలి. బీమా లేకుండా నడిపితే తొలి తప్పుకు 2,000 రూపాయల జరిమానా. ప్రమాదం జరిగితే నష్టపరిహారం మొత్తం కుటుంబమే భరించవలసి వస్తుంది, పొలం అమ్మవలసి రావచ్చు. కాలుష్య తనిఖీ పత్రం కూడ అవసరం. తొలి వారం పిల్లలను ఎక్కించుకోకుండా ఊరి దరిదాపుల్లోనే నెమ్మదిగా నడిపి, ప్రతి రోజు చక్రాల వద్ద నూనె కారుతున్నదేమో చూడాలి.

వదులుకోవలసినప్పుడు

ఆర్.సి. పుస్తకం దొరకక, ఛాసిస్ నంబరు చెరిగిపోయి, అడుగు రేకు, ఛాసిస్ పట్టీలు తుప్పుకు తిని ఉంటే ఆశ విడువడమే మంచిది. అయినా పాత ఇనుము వ్యాపారికి ఊరకే అప్పగించరాదు. రిజిస్ట్రేషను రద్దు కానంతవరకు ఆ నంబరుతో ఏది జరిగినా నోటీసు యజమాని ఇంటికే వస్తుంది. 2021 నాటి నియమాల ప్రకారం గుర్తింపు పొందిన తుక్కు కేంద్రంలో బండిని అప్పగిస్తే ధ్రువపత్రం ఇస్తారు. కొత్త సొంత కారు కొన్నప్పుడు ఆ పత్రంపై 25 శాతం వరకు పన్ను రాయితీ ఇవ్వడానికి ఆ నియమాలు వీలు కల్పిస్తున్నవి.

నిలుపుకొన్నా, వదులుకొన్నా నిర్ణయం ముందు కాగితం మీద జరగాలి, తరువాతనే బండి మీద చేయి వేయాలి. నిలుపుకొన్న బండిని నడిపించడం కన్నా ముందు, అది ఆపినచోట ఆగేలా చూసుకోవాలి.