మదరాసు వెండినాణెములపై రూకశబ్దము

నాణెములను సేకరించువారు బొమ్మలు గల పెద్దనాణెములయందుఁ జూపు నాదరమును చిన్నవెండిబిళ్లలయందుఁ జూపరు. ఈస్టిండియా కంపెనీవారు 1807-08 ప్రాంతమున మదరాసు టంకసాలలో యంత్రములతో నచ్చొత్తించిన నాణెముల విషయమున నీ పక్షపాతము స్పష్టము. ఒకవైపున గోపురమును, రెండవవైపున విష్ణుమూర్తియుఁ గల యర్ధవరహా నెల్లరు నెఱుఁగుదురు. స్పెయినుదేశపు డాలరులపైననే మరల నచ్చొత్తినవియు వానిలోఁ గలవు. ఆ కాలముననే వెలువడిన రెండు పణముల, అయిదు పణముల బిళ్లలు మాత్రము తఱచుగా వెండితూకమునకే చెల్లిపోవుచున్నవి.

వీనిపై దేవతామూర్తి లేదు, సంవత్సరమును లేదు. వ్రాఁతయే ప్రధానము, మనకుఁ గావలసినదియు నదియే. ఒకవైపున ఇంగ్లీషును పారసీకమును, రెండవవైపునఁ దమిళమును దెలుఁగును గలవు. ఇంగ్లీషున ‘ఫానము’, తమిళమున ‘పణము’ అని యుండఁగాఁ దెలుఁగున ‘రెండు రూకలు’, ‘అయిదు రూకలు’ అని యున్నది. పణశబ్దము తెలుఁగువారికిఁ గ్రొత్తది కాదు. అయినను అచ్చు చెక్కించినవారు దానిని విడిచి, కాకతీయులనాఁటి దానశాసనములలో మాడలతోఁ గూడఁ గానవచ్చు రూకనే గ్రహించిరి. ఆ రూకయు నీ రూకయు విలువయందొకటియని నేను జెప్పుట లేదు. కంపెనీలెక్కలలో వరహాకు 42 పణములు, పణమునకు 80 కాసులు; కాకతీయుల లెక్క వేఱు. పేరుమాత్రము నిలిచినది. నిఘంటుకారులు ప్రయోగములకై కావ్యములనే వెదకుదురు గాని, అంగడిలోఁ జేతులు మాఱిన యీ ప్రయోగ మంతకంటెఁ దక్కువది కాదు. అక్షరములు లోఁతైనవి కావు. చింతపండుతోఁ దోమినను, హారమునకై కన్నము పొడిచినను సాక్ష్యము నశించును. మెఱపుకొఱకుఁ దోముట సేకరణము కాదు.

1818లో మదరాసున వెండిరూపాయి ప్రమాణమయ్యెను. 1835 నాఁటి 17వ చట్టముచేత రూపాయి 180 గ్రెయినులు, పావలా 45 గ్రెయినులు నయ్యెను. 1841లో వెండిబేడ వెలువడెను. వీనిపై ఇంగ్లీషును పారసీకమునే కాని తెలుఁగు లేదు. తెలుఁగు మరలఁ గానవచ్చినది 1907 నాఁటి యణామీఁద. అది వెండి కాదు, నికెలు కలిసిన మిశ్రలోహము. అప్పటికిఁ బద్ధతియు మాఱినది. వెండిబేడ 1917తో నిలిచిపోఁగా, 1918లో నికెలు బిళ్ల వచ్చెను. బజారున దానిని బేడయనియే పిలిచిరి.