గోడ దాటిన స్పిన్

ఇది 1994. అమెరికాలో కేంబ్రిడ్జ్ పట్టణం, ఆల్బనీ వీధిలోని ఎంఐటీ మాగ్నెట్ లాబొరేటరీ. ఒకప్పుడు బేకరీగా నడిచిన భవనంలో ఇప్పుడు వాక్యూమ్ పంపులు రొద పెడుతున్నాయి. మీ ఎదుట ఒక లోహపు ఛాంబరు ఉంది. అందులోని గాలిని దాదాపు మొత్తం తోడేశారు. లోపల బిగించిన గాజు పలకను లిక్విడ్ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీలకు దించింది. కిటికీ దగ్గరికి జరిగి చూడండి.

కరెంటు పెంచగానే అడుగున ఉన్న కోబాల్ట్-ఇనుము మిశ్రమం ఎర్రబడి, తెల్లగా వెలిగి, ఆవిరవుతుంది. ఆ ఆవిరి మాస్కులోని చీలిక గుండా పోయి గాజు మీద సన్నని పట్టీగా పేరుకుంటుంది. మందం ఎనిమిది నానోమీటర్లు కాగానే షట్టరు పడుతుంది. దాని మీద అల్యూమినియం, ఒకటిన్నర నానోమీటరు అటూ ఇటూ. అంటే పరమాణువుల వరుసలు ఆరో ఏడో.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. పలకను గది వేడికి రానిచ్చి, కాస్త ఆక్సిజన్ వదిలి, హై వోల్టేజి ఇస్తారు. ఛాంబరులో మసక వెలుగు పుడుతుంది. ఆ ప్లాస్మాలో అల్యూమినియం ఆక్సైడ్‌గా మారి, కరెంటుకు అడ్డుగోడ అవుతోంది. తొందరపడి ఆపితే అడుగున అల్యూమినియం లోహంగానే మిగిలిపోతుంది. ఆలస్యమైతే ఆక్సిజన్ కింది కోబాల్ట్‌ను కూడా పాడుచేస్తుంది. రెండింటా ఎలక్ట్రాన్ స్పిన్‌కు, అంటే దానిలోని చిన్న అయస్కాంతపు దిశకు, చేటే. ఎక్కడైనా కంటికి కనపడని చిల్లు పడితే కరెంటంతా దానిలోంచే పారుతుంది, ప్రయోగం వృథా. ఈ ప్రయోగంలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఈ కాసేపే. ఇక్కడ సమీకరణాలకన్నా చేతిపనికే విలువెక్కువ.

సిద్ధాంతం ఎప్పుడో సిద్ధమైంది. ఈ లాబ్‌లోనే 1971 నాటికి రాబర్ట్ మెసర్వే, పాల్ టెడ్రో సూపర్‌కండక్టర్ స్థితిలో ఉన్న అల్యూమినియంను స్పిన్ కొలిచే సాధనంగా వాడారు. నికెల్ నుంచి గోడ దాటి వచ్చే ఎలక్ట్రాన్లలో ఒక దిశ స్పిన్ ఉన్నవే ఎక్కువని తేల్చారు. 1975లో ఫ్రాన్స్‌లో మిషెల్ జూలియేర్ ఇనుముకూ కోబాల్ట్‌కూ మధ్య జెర్మేనియం పొర పెట్టి, 4.2 కెల్విన్ దగ్గర వాటి అయస్కాంత దిశలను బట్టి నిరోధం 14 శాతం మారడం చూశాడు, ఆ మార్పును లెక్కగట్టే సూత్రమూ ఇచ్చాడు. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు గది ఉష్ణోగ్రత దగ్గర చెప్పుకోదగ్గ ఫలితం నిలకడగా రాలేదు. మంచి గోడ కట్టడం ఎవరికీ కుదరలేదు.

ఇప్పుడు ఆ గోడ కడుతున్నది జగదీశ్ మూడెర, లీసా కిండర్, టెరిలిన్ వాంగ్, మెసర్వే. మూడెర ఐఐటీ మద్రాసులో డాక్టరేటు చేసి వచ్చినవాడు.

మొదటి పట్టీకి అడ్డంగా కోబాల్ట్ పట్టీ పడింది. రెండూ దాటుకున్న చోట, మిల్లీమీటరులో మూడో వంతైనా లేని జాగాలో, జంక్షన్ తయారైంది. వైర్లు కలిపి, అయస్కాంత క్షేత్రంలో పెట్టి, హీలియంతో 4.2 కెల్విన్‌కు చల్లబరచారు.

గోడను ఎక్కి దాటే శక్తి ఎలక్ట్రాన్‌కు లేదు. కానీ దాని తరంగం గోడలోకి చొచ్చుకుపోయి, క్షీణిస్తూనే, కొద్దిగా అవతల తేలుతుంది. దాటేటప్పుడు స్పిన్ మారదు. అవతలి లోహంలో అదే స్పిన్‌కు ఖాళీ స్థితులు దొరకాలి. రెండు పట్టీల అయస్కాంత దిశ ఒకటే అయితే పుష్కలంగా దొరుకుతాయి, నిరోధం తగ్గుతుంది. దిశలు ఎదురైతే చాలావాటికి చోటుండదు.

క్షేత్రాన్ని సున్నాకు తెచ్చి, మెల్లగా ఎదురు దిశకు తిప్పుతున్నారు. గీతను చూడండి. ఒక పట్టీ ముందుగా దిశ మార్చుకుంది, నిరోధం పైకి లేచింది. ఇంకాస్త పెంచితే రెండోదీ తిరిగింది, గీత కిందికి దిగింది. తేడా 24 శాతం. లోహాల స్పిన్ లెక్క కట్టి జూలియేర్ సూత్రం చెప్పే గరిష్ఠానికి ఇది చాలా దగ్గర. నైట్రోజన్ చలిలో, 77 కెల్విన్ దగ్గర, 20 శాతం. ఇక గది వేడికి, 295 కెల్విన్‌కు రానిస్తే? గీత ఇంకా లేస్తోంది! 11.8 శాతం.

ఈ ఫలితం 1995లో అచ్చయింది. అదే ఏడాది జపాన్‌లోని సెండాయ్‌లో తెరునోబు మియజాకి ఇనుము పొరల మధ్య ఇలాంటి ఆక్సైడ్ గోడతోనే గది ఉష్ణోగ్రతలో 18 శాతం చూపించాడు. అల్యూమినియం ఆక్సైడ్‌లో పరమాణువులకు క్రమం లేదు. 2004లో త్సుకుబాలో షింజీ యువాసా, కాలిఫోర్నియాలో స్టువర్ట్ పార్కిన్ బృందాలు దాని బదులు మెగ్నీషియం ఆక్సైడ్ స్ఫటికాన్ని పెట్టేసరికి తేడా 200 శాతం దరిదాపులకు ఎగబాకింది. ఆ స్ఫటికం ఒక రకం సౌష్ఠవం ఉన్న తరంగాలను దాటనిచ్చి, మిగతావాటిని త్వరగా అణచివేస్తుంది. ఇప్పటి హార్డ్ డిస్కుల్లో బిట్లను చదివే హెడ్‌లో ఉండేది ఈ రకం గోడే. దాని ఒక పక్క లోహపు పొర దిశ మారకుండా బిగించి ఉంటుంది, రెండో పొర కిందుగా పోతున్న బిట్‌ను బట్టి వాలుతుంది.