మోజెల్ పలకరాతి వాలుల డ్రై రీస్లింగ్

జర్మనీ పశ్చిమ భాగంలో మెలికలు తిరుగుతూ ప్రవహించి కోబ్లెంజ్ వద్ద రైన్ నదిలో కలిసే మోజెల్ నది లోయలో రీస్లింగ్ అనే తెల్లద్రాక్ష పండుతుంది. దాని రసంలోని చక్కెర దాదాపు అంతా పులిసి ఆల్కహాలుగా మారగా తీపి తెలియకుండా తయారయ్యే వైన్‌ను డ్రై రీస్లింగ్ అంటారు. ఇది ఇటీవలి పోకడ అన్న అభిప్రాయం బలంగా ఉన్నప్పటికీ, చరిత్రను పరిశీలిస్తే ఆ లోయ పాత పద్ధతికి ఇదే దగ్గరిదని తేలుతుంది.

మోజెల్ ఒడ్డున ద్రాక్షసాగు రోమన్ల కాలం నాటిది. నాలుగో శతాబ్దపు కవి ఔసోనియస్ ఈ నది మీద కావ్యమే రచించాడు, పీస్‌పోర్ట్ గ్రామంలో రోమన్ల నాటి ద్రాక్షరసపు గానుగశాల తవ్వకాలలో బయటపడింది. రీస్లింగ్ మాత్రం చాలా తరువాతిది. దాని పేరు తొలిసారి కనిపించేది 1435లో, రైన్ ప్రాంతపు రూసెల్స్‌హైమ్‌లో రాసిన ఒక కొనుగోలు లెక్కలో. 1787లో ట్రియర్ పాలకుడు, ఆర్చిబిషప్ క్లెమెన్స్ వెంజెస్లాస్, నాసిరకం తీగలను పెరికి మేలురకాలు నాటాలని శాసించడంతో మోజెల్‌లో రీస్లింగ్ వ్యాప్తికి ఊతం దొరికింది.

ఈ ద్రాక్ష ఆలస్యంగా పండుతుంది గనుక, చలి ఎక్కువైన ఉత్తరాది లోయలో అది పక్వానికి రావడానికి నేలే తోడ్పడాలి. సుమారు 40 కోట్ల ఏళ్ల కిందట సముద్రగర్భంలో పేరుకున్న బురద ఒత్తిడికి గట్టిపడి పొరలు పొరలుగా చీలే పలకరాయి అయింది. ముదురు రంగు గల ఆ రాయి పగటి వేడిని పట్టి ఉంచి రాత్రి మెల్లగా విడుస్తుంది, వాననీటిని నిలవనీయదు, తీగ వేళ్లకు తన పగుళ్లలో లోతుగా దిగే దారి ఇస్తుంది. దక్షిణానికి తిరిగిన వాలు మీద ఎండ మరింత సూటిగా పడుతుంది. బ్రెమ్ గ్రామం వద్ద కాల్మాంట్ అనే కొండపై వాలు కొన్నిచోట్ల 60 డిగ్రీలు దాటుతుంది. అటువంటి చోట యంత్రాలు పనిచేయవు, ఒక్కొక్క తీగను ఒక్కొక్క గుంజకు కట్టే పాత పద్ధతి వల్లనే మనిషి వాటి మధ్య ఎటైనా కదలగలుగుతాడు. ఈ వైన్ విలువలో అధికభాగం ఆ శ్రమదేనని చెప్పడం అతిశయోక్తి కాదు.

పూర్వం రసాన్ని ఫూడర్ అనే సుమారు వెయ్యి లీటర్ల ఓక్ పీపాలలో పులియనిచ్చేవారు. తీపి మిగిలితే వసంతంలో గాని, సీసాలో గాని మళ్లీ పులియడం మొదలయ్యే ప్రమాదం ఉండేది కనుక సాధారణ వైన్ ఎక్కువగా చక్కెర తరిగేదాకా పీపాలోనే ఉండేది. 1900 ప్రాంతంలో బోర్డో మేటి వైన్లతో సమానంగా ధర పలికినవి ఈ లోయ వైన్లే. ఇరవయ్యో శతాబ్దంలో ఈస్టు కణాలను వడగట్టే సూక్ష్మమైన ఫిల్టర్లు రావడంతో తీపిని నిలపడం సులువైంది, పులియని రసాన్ని చివర్లో కలిపే అలవాటు పెరిగింది. 1971 నాటి చట్టం వాలు గొప్పతనాన్ని పక్కనబెట్టి కోతనాటి రసంలోని చక్కెర పాళ్లను బట్టే శ్రేణులు నిర్ణయించడం పొరపాటు. దానివల్ల మేటి కొండలకు తీరని అన్యాయం జరిగింది.

డ్రై అన్న మాటకు ఇప్పుడు చట్టంలో కొలత ఉంది: లీటరుకు 9 గ్రాముల వరకు చక్కెర ఉండవచ్చు గాని, అది ఆమ్లం కంటే 2 గ్రాములకు మించి ఎక్కువ కాకూడదు, ఎందుకంటే పుల్లదనం తీపిని కప్పివేస్తుంది. మేటి తోటల డ్రై వైన్‌కు 2002 నుంచి ఉత్పత్తిదారుల సంఘం వీడీపీ గ్రోసెస్ గెవెక్స్ అనే హోదా ఇస్తున్నది. వాతావరణం వేడెక్కుతున్న కొద్దీ ద్రాక్ష పక్వానికి రావడం సులువై, పుల్లదనాన్ని కాపాడుకోవడమే కొత్త సమస్య కావడంతో, ఒకప్పుడు మరీ చల్లనివని వదిలేసిన సార్ ఉపలోయలోని కొన్ని వాలులలో ఇప్పుడు తిరిగి తీగలు నాటుతున్నారు.