బూడిద మీద అడుగులు

ముగ్గు పెట్టిన వాకిట్లోంచి ఎవరు వెళ్ళారో చెప్పడానికి ఆడవాళ్ళకి అపరాధ పరిశోధకుడి సాయం అక్కర్లేదు. ఇవి పాలవాడి చెప్పులు, ఇవి పక్కింటి పిల్లి పాదాలు, ఇదిగో ఇక్కడ పిచ్చిక వాలింది, ఆ మధ్యలో నాలుగు చినుకులు రాలాయి అని చూడగానే చెప్పేస్తాం. కాకపోతే మన ముగ్గు ఆయుష్షు మహా అయితే ఒక పూట. 36 లక్షల ఏళ్ళుగా చెరగని వాకిలి ఒకటుందంటే నమ్ముతారా?

అది ఆఫ్రికాలో, ఉత్తర టాంజానియాలో ఉంది. ఆ చోటు పేరు లేటోలి. దాన్ని తవ్వించినావిడ మేరీ లీకీ. ఈవిడ యూనివర్శిటీలో చదివి పట్టా పుచ్చుకున్న మనిషి కాదు. బొమ్మలు బాగా వేసేది కనుక, తవ్వకాల్లో దొరికిన రాతి పనిముట్లకి బొమ్మలు గీస్తూ గీస్తూ ఈ విద్యలోకి వచ్చింది. 1976లో ఆవిడ శిబిరానికి కొందరు శాస్త్రజ్ఞులు వచ్చారు. ఎంత పెద్ద చదువులు చదివినా చిన్నపిల్లల చేష్టలు ఎక్కడికి పోతాయి! సరదాకి ఎండిన ఏనుగు లద్దెలు ఏరి ఒకరి మీద ఒకరు విసురుకోవడం మొదలెట్టారట. ఆండ్రూ హిల్ అనే ఆయన దెబ్బ తప్పించుకోబోయి నేల మీద పడ్డాడు. పడ్డచోట కళ్ళెదురుగా, రాయైపోయిన నేలలో జంతువుల అడుగులు! మరో రెండేళ్ళకి, 1978లో, ఆ నేలలోనే రెండు కాళ్ళ మీద నడిచిన మన పూర్వీకుల అడుగులు కూడా బయటపడ్డాయి.

జరిగిందేమిటంటే, దగ్గర్లోని అగ్నిపర్వతం ఒకటి బూడిద చిమ్మింది. పిండి జల్లించినట్టు అది నేలంతా పరుచుకుంది. దాని మీద వాన చినుకులు పడ్డాయి. తడిసి ఆరితే సిమెంటులా బిగిసే గుణం ఆ బూడిదకుంది. ఆ తడిలో నడిచిన ప్రతి ప్రాణీ తన గుర్తు వదిలిపోయింది. తర్వాత మళ్ళీ బూడిద పడి, దుప్పటి కప్పినట్టు అన్నిటినీ కప్పేసింది. ఆ బూడిద పలుకుల్లో ఉండే పొటాసియం కొంచెం కొంచెంగా ఆర్గాన్ వాయువుగా మారుతూ ఉంటుంది. ఎంత మారిందో కొలిచి వయసు లెక్క కట్టారు.

ఇంతకీ నాకు ఆశ్చర్యం కలిగించింది ఆ వయసు కాదు. ఎప్పుడో పోయిన ఆ లోకాన్ని వీళ్ళు మళ్ళీ కళ్ళకి కట్టించిన తీరు! అందులో సగం మన వాకిటి తెలివితేటలే. చినుకుల గుంటలు విడివిడిగా ఉన్నాయి. అంటే కుండపోత కాదు, ఎండలు ముగిసి వానలు మొదలయ్యే రోజులు. గినీ కోళ్ళూ, కుందేళ్ళూ, జిరాఫీలూ, ఏనుగులూ, పిల్లని వెంటేసుకున్న మూడు వేళ్ళ గుర్రమూ అటుగా నడిచాయి. నీటిగుర్రాలూ, మొసళ్ళూ మాత్రం లేవు. అంటే ఏడాది పొడుగునా నిలిచే నీళ్ళు దగ్గర్లో లేవన్నమాట. వంటింట్లో ఉన్న డబ్బాలే కాదు, లేని డబ్బాలు కూడా ఆ ఇంటి సంగతి చెప్తాయి కదూ?

ఇక పళ్ళ సంగతి. అక్కడి గడ్డి ఒక రకంగా, చెట్లు ఇంకో రకంగా గాలిలోంచి కర్బనాన్ని తీసుకుంటాయి. వాటిని తిన్న జంతువు పంటి పింగాణీలో ఆ తేడా లక్షల ఏళ్ళు అలాగే ఉండిపోతుంది. తినలేదని పిల్లాడు బొంకినా, నాలుక మీది నేరేడుపండు రంగు నిజం చెప్పినట్టు! మొదట్లో లేటోలి అంటే ఎటు చూసినా గడ్డి మైదానమే అనుకున్నారు. పళ్ళనీ, నత్త గుల్లలనీ, రకరకాల ఎముకలనీ కలిపి చూశాక, చెట్లూ పొదలూ కూడా బాగానే ఉండేవని తేలింది. చెట్లు కరువైపోయి, గడ్డి పైనుంచి చూడ్డానికే మన పూర్వీకులు రెండు కాళ్ళ మీద లేచారన్న పాత కథ ఇలాంటి ఆధారాలతోనే బలం తగ్గింది.

మరి ఆ నడిచినవాళ్ళెవరు? 1974లో ఇథియోపియాలో దొరికిన ‘లూసీ’ జాతివాళ్ళని చాలామంది అభిప్రాయం. మెదడు మన మెదడులో మూడో వంతు. కాలి బొటనవేలు మాత్రం కోతికిలా పక్కకి తిరక్కుండా, మనకిలాగే ముందుకుంది. 27 మీటర్ల పొడుగునా సుమారు 70 అడుగులు. ఒక వరసలో చిన్న పాదాలు, పక్క వరసలో పెద్ద పాదాలు, ఆ పెద్ద పాదాల గుర్తుల్లోనే అడుగులు వేస్తూ వెళ్ళిన ఇంకొకరు.

ఇక్కడే నాబోటి నవలలు రాసేవాళ్ళకి చెయ్యి దురద పెడుతుంది. చిన్న పాదాలావిడ చంకన ఓ బిడ్డని పెట్టాలనిపిస్తుంది. ఆవిడ పొగలు కక్కే కొండకేసి బెదురుగా చూసిందని రాయాలనిపిస్తుంది. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ వాళ్ళయితే ఏకంగా ఓ జంటని చేసి నిలబెట్టారు. మగాడి చెయ్యి ఆడదాని భుజం చుట్టూ ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కాని ఆ చెయ్యి ఏ బూడిదలో దొరికింది? దొరికినవి పాదాలు మాత్రమే! చిన్న పాదాలు ఆడదానివే అయ్యుండాలని ఏముంది, ఎదిగే పిల్లాడివి కావచ్చు. తల్లీ కూతుళ్ళవి కావచ్చు. మనకి తెలిసిన సంసారాన్ని అంత వెనక్కి మోసుకెళ్ళి అక్కడ దింపడం తేలిక. ఆ తర్వాత ఆ బొమ్మనే చూపించి, “చూశావా, మొదట్నుంచీ ఆడది మగాడి చెయ్యి కిందే నడిచింది” అని మన ఆడపిల్లలకి బుద్ధులు చెప్పడం ఇంకా తేలిక!

2016లో, అక్కడికి దగ్గర్లోనే మరో ఇద్దరి అడుగులు దొరికాయని ప్రకటించారు. వాళ్ళలో ఒకరి పాదాలు మిగతా అందరి పాదాలకన్నా పెద్దవి. ఎవరికి ఎవరు ఏమవుతారో మళ్ళీ మొదట్నుంచీ ఆలోచించుకోవాల్సిందే.

వాన పడిందని నేల చెప్పింది, నమ్ముదాం. చెట్లున్నాయని పళ్ళు చెప్పాయి, నమ్ముదాం. భుజం మీద చెయ్యి సంగతి ఎవరూ చెప్పలేదు. ఎవరైనా చెప్పేదాకా ఆ చిన్న పాదాలావిడని, లేదా ఆ చిన్న పాదాలాయన్ని, తన దారిన తనని నడవనిద్దాం.